కట్టె ఎక్కడిది? పండుగ మంటలను వంటచెరకు వైపు నుంచి చూడటం

పండుగ మంటల మీద రాసిన పండితుల్లో చాలామంది మంటనే చూశారు. జేమ్స్ ఫ్రేజర్ 1913లో 'ది గోల్డెన్ బౌ' మూడో కూర్పులో భాగంగా వెలువరించిన 'బాల్డర్ ది బ్యూటిఫుల్' సంపుటాల్లో ఐరోపా పల్లెల మంటలన్నిటినీ ఒక్కచోట పోగుచేశాడు. ఈస్టరు మంటలు, మే తొలిరోజు మంటలు, జూన్ నడిమి మంటలు, చలికాలపు మంటలు అన్నీ అందులో ఉన్నాయి. వాటి అర్థం మీద అప్పటికే రెండు వాదాలు నడుస్తున్నాయి. నేలమీద మంట వేసి ఆకాశంలోని సూర్యుడికి బలం పోస్తున్నారని జర్మన్ పండితుడు విల్‌హెల్మ్ మాన్‌హార్ట్ అన్నాడు. అదేం కాదు, చెడును కాల్చి ఊరిని శుద్ధి చేసుకోవడమేనని ఫిన్లాండుకు చెందిన ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ వాదించాడు. మొదట మాన్‌హార్ట్ పక్షాన ఉన్న ఫ్రేజర్ చివరికి వెస్టర్‌మార్క్ వైపు మొగ్గాడు.

ఇద్దరి ప్రశ్నా ఒక్కటే: మంట దేనికి గుర్తు? ఈ వ్యాసం అడిగేది అంతకన్నా చిన్న ప్రశ్న. ఆ కట్టె ఎక్కడిది? ఎవరి దొడ్లోంచి వచ్చింది, అడిగి తెచ్చారా, అడక్కుండా తెచ్చారా, ఏది వేయొచ్చు, ఏది వేయకూడదు? మంటకు చెప్పుకునే అర్థం తరానికొకటిగా మారుతుంది. కట్టె సమకూరే పద్ధతిలో మాత్రం ఆ ఊరి మనుషుల మధ్య ఉన్న హక్కులూ, చనువులూ, తగాదాలూ దాగి ఉంటాయి. కట్టె మారినచోట పండుగే మారిపోయిందని చరిత్ర చూపిస్తోంది. ఇదే నా వాదన.

ఈ దారి చూపించింది ఒక రకంగా వెస్టర్‌మార్కే. ఆయన గదిలో కూర్చుని రాసిన మనిషి కాదు, మొరాకోలో ఏళ్ల తరబడి తిరిగాడు. అక్కడి ముస్లిం రైతులు 'అన్సరా' అనే వేసవి పండుగను చాంద్రమాన హిజ్రీ లెక్కలో కాకుండా పాత రోమన్ సౌరమానం ప్రకారం జూన్ 24న జరుపుకునేవారు. ఆ మంటల్లో జనం కోరేది వెలుగు కాదు, పొగ అని ఆయన గమనించాడు. అందుకే బాగా పొగవచ్చే సువాసన మొక్కలను ఏరి తెచ్చి కాల్చేవారు. ఆ పొగ తోటల మీదికీ పశువుల మీదికీ పోవాలి. సూర్యుడికి బలం ఇచ్చే మంటే అయితే పొగకోసం ఇంత తాపత్రయం ఎందుకు? మంటలో వేసిన మొక్కే ఇక్కడ సాక్ష్యం చెప్పింది.

మూలాల వెంట పడితే ఎదురయ్యే చిక్కుకు ఇరాన్ మంచి ఉదాహరణ. నౌరూజ్‌కు ముందు వచ్చే ఆఖరి మంగళవారం సాయంత్రం వీధుల్లో చిన్న చిన్న మంటలు వేసి వాటి మీదుగా దూకుతారు. దాన్ని 'చహార్‌షంబే సూరి' అంటారు. ఇది జరతుష్ట్ర మతం నాటి ఆచారమని ఇరానీయులు గర్వంగా చెప్పుకుంటారు. కానీ ఆ మతం పాటించేవారికి అగ్ని పవిత్రం, దాని మీదుగా దూకడం అపచారం. పైగా వారి పాత పంచాంగంలో నెలలోని ప్రతి రోజుకూ ఒక పేరు ఉండేది తప్ప ఏడు రోజుల వారం లేదు. వారమే లేనప్పుడు ఆఖరి మంగళవారం సాయంత్రం ఎక్కడిది? దీన్నిబట్టి ఆ పండుగ విలువ తగ్గదు. ఎండిన ముళ్లకంపలు వీధికి తెచ్చి పోగులు పెట్టి, అర్చకుడు, గుడి లేకుండా ఇరుగుపొరుగు కలిసి చేసుకునే పండుగ అది. పాలకులకు ఇష్టం లేకపోయినా నిలవడానికి ఆ తీరే కారణమని నా అభిప్రాయం.

లెక్కల పుస్తకాల్లో ఆధారాలు దండిగా దొరికేది ఇంగ్లండ్ నవంబర్ 5 మంటలకు. 1605లో ప్రభువుల సభ కింది నేలమాళిగలో 36 పీపాల తుపాకిమందుతో గై ఫాక్స్ అనే కుట్రదారు దొరికిపోయాడు. రాజు బతికాడన్న సంతోషంతో ఆ రాత్రే లండన్ వీధుల్లో మంటలు వేశారు. 1606లో పార్లమెంటు చేసిన చట్టం ఏటా చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరగాలని చెప్పింది. మంటల ప్రస్తావన అందులో లేదు. 1859లో ఆ చట్టం రద్దయింది, ప్రార్థన ఆగింది, మంటలు ఆగలేదు. చరిత్రకారుడు డేవిడ్ క్రెసీ 1989లో ప్రచురించిన గ్రంథంలో చర్చి పెద్దల జమాఖర్చులను తిరగేశాడు. గంటలు కొట్టినవారికి ఇచ్చిన డబ్బు, బీరు, కట్టెల ఖర్చు చిన్న చిన్న పద్దులుగా అక్కడ కనిపిస్తాయి. భక్తి ఎంతో పద్దులు చెప్పవు కానీ, ఎవరి డబ్బుతో మంట మండిందో చెబుతాయి. ఈ మంటలు క్రైస్తవానికి ముందునాటి సౌఇన్ పండుగకు కొనసాగింపన్న జనప్రియ నమ్మకానికి ఆధారం లేదని రొనాల్డ్ హటన్ 1996లో విపులంగా చూపించాడు.

చర్చి ఖర్చుతో కొన్న కట్టె తగ్గుతూ వచ్చేకొద్దీ ఊరి కుర్రకారు చేతి కట్టె పెరిగింది. పంతొమ్మిదో శతాబ్దం నడుమ గిల్డ్‌ఫోర్డ్ పట్టణంలో ముఖాలు కప్పుకున్న యువకులు తమకు గిట్టని పెద్దమనుషుల కంచెలు, గేట్లు పీకి మంటలో వేసేవారు. ఎవరి గేటు కాలిందో చూస్తే ఆ ఏడాది ఊరికి ఎవరిమీద కోపమో తెలిసిపోతుంది. 1860లలో సైనికుల అండతో ఆ అల్లరిని అణిచివేశారు. ససెక్స్ ప్రాంతంలోని లూయిస్ పట్టణం మరో దారి పట్టింది. అక్కడ మేరీ రాణి కాలంలో, 1555–57 మధ్య, 17 మంది ప్రొటెస్టెంట్లను సజీవ దహనం చేశారు. వారి జ్ఞాపకంగా ఇప్పటికీ 17 మండే శిలువలను ఊరేగిస్తారు. 1847లో గొడవలను అదుపుచేయడానికి లండన్ పోలీసులు రావాల్సి వచ్చింది. 1853లో క్లిఫ్, బరో అనే మంటల సంఘాలు ఏర్పడ్డాయి. చందాలు, కాగడాలు, ఊరేగింపు క్రమం, మంట వేసే స్థలం అన్నీ సంఘం చేతికి వచ్చాయి. ఒకప్పుడు ముఖం తెలియకుండా ఉండటానికి తొడిగిన చారల జెర్సీలు ఇప్పుడు సంఘానికొక రంగుగా గర్వంగా వేసుకుంటున్నారు. దొంగతనం పోయి రసీదు వచ్చిన చోట పండుగ బతికింది. పదును కొంత తగ్గిందనీ ఒప్పుకోవాలి. అయినా ఏటా ఎవరో ఒక రాజకీయ నాయకుడి బొమ్మ తగలబెట్టే అలవాటు మాత్రం పోలేదు.

పిల్లల లోకంలో పాత పద్ధతే ఇరవయ్యో శతాబ్దంలోకీ నడిచింది. అయోనా, పీటర్ ఓపీ దంపతులు 1959లో ప్రచురించిన బడిపిల్లల ఆచారాల గ్రంథంలో వారాల ముందే కట్టెలు పోగుచేయడం, ఎదుటి వీధి పోగు మీద దాడికి వెళ్లడం, తమ పోగుకు కాపలా ఉండటం వివరంగా ఉన్నాయి.

కట్టె మారితే పండుగ మారుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం స్కాట్లండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లోని లెర్విక్. ఇప్పుడు జనవరి ఆఖరి మంగళవారం అక్కడ 'అప్ హెల్లీ ఆ' జరుగుతుంది. వైకింగ్ వేషాలు, దాదాపు వెయ్యిమంది చేతుల్లో కాగడాలు, మధ్యలో ఒక వైకింగ్ ఓడ. చూసేవారికి అది వెయ్యేళ్లనాటి దృశ్యంలా ఉంటుంది. నిజానికి పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి కుర్రాళ్లు చేసింది వేరు. తారు పీపాలకు నిప్పంటించి, స్లెడ్జి బండ్ల మీద ఇరుకు వీధుల వెంట ఈడ్చుకుపోయేవారు. తారు కారి గోడలు నల్లబడేవి, దుకాణదారులు భయపడేవారు. 1870లలో తారు పీపాలను నిషేధించారు. ఇంధనం పోయింది, ఉత్సాహం మిగిలింది. 1881లో కాగడాల ఊరేగింపు వచ్చింది, 1889లో తొలిసారి ఓడను కాల్చారు. అప్పటినుంచి కట్టె సమకూర్చడమంటే నెలల తరబడి చేసే వడ్రంగం. చలికాలం అంతా సాయంత్రాలు షెడ్డులో పలకలు బిగించి, రంగులు వేసి, డ్రాగన్ తల చెక్కి నిలబెడతారు. గోనెపట్టా చుట్టిన కాగడాలను పారఫిన్ నూనెలో నానబెడతారు. ఊరేగింపు ముగిశాక ఓడ చుట్టూ వలయంగా నిలిచి ఆ కాగడాలన్నీ దానిలోకి విసురుతారు. ఇంత పని ఎవరి చేతిలో ఉంటే పండుగ వారిదే కాబట్టి, ఊరేగింపు దళాల్లో ఆడవారికి చోటు దొరకడానికి 2023 దాకా పట్టింది.

కట్టె పేర్పును గుడిలా కట్టి, దానికోసం పోరాడే ఊరు జపాన్‌లో ఉంది. నాగానో ప్రాంతంలోని నోజావా ఒన్సెన్‌లో జనవరి 15 రాత్రి దోసోజిన్ మంటల పండుగ. ముందే కొండమీద నరికిన పెద్ద మానులను మంచులో ఊరిమధ్యకు లాగి తెచ్చి, వాటితో ఎత్తైన మంటపం కడతారు. జపనీయుల నమ్మకంలో మగవారికి 25వ ఏడూ 42వ ఏడూ గండపు ఏళ్లు. ఆ గండం ఉన్నవారే మంటపం కడతారు. ఆ రాత్రి పెద్దవాళ్లు మంటపం పైకెక్కి కూర్చుంటారు, 25 ఏళ్లవాళ్లు చేతుల్లో పైన్ కొమ్మలతో కింద నిలబడతారు. ఊరివాళ్లు కాగడాలతో మంటపాన్ని తగలబెట్టడానికి మీదపడతారు. కింద ఉన్నవాళ్లు ఆ నిప్పును కొమ్మలతో కొట్టి ఆర్పుతూ, కాలిన ముఖాలతో చాలాసేపు ఆపుతారు. చివరికి సంధి కుదిరి, పైనున్నవాళ్లు దిగాక, మంటపం అంటుకుంటుంది. గండం కట్టెలోకి ఎలా దిగుతుందని తత్త్వం అడగొచ్చు. మానును లాగి, నిలబెట్టి, కాపాడిన మనిషికి ఆ ప్రశ్న రాదు, గండం అతని చెమటలోంచి దిగింది.

ఇదే జపాన్‌లో ఒక కట్టెను తిరస్కరించిన సంఘటన నన్ను ఎక్కువగా కలచివేసింది. క్యోటో చుట్టూ ఉన్న ఐదు కొండల మీద ఆగస్టు 16 రాత్రి, పితృదేవతలను సాగనంపుతూ పెద్ద పెద్ద ఆకారాల్లో మంటలు వేస్తారు. పోయినవారి పేర్లు రాసిన కట్టెలను అందులో కాలుస్తారు. 2011 మార్చి సునామీలో రికుజెన్‌తకాతా తీరపు పైన్ తోపు కొట్టుకుపోయింది. దాదాపు 70 వేల చెట్లలో ఒక్కటే నిలిచింది. కూలిన చెట్ల కట్టెల మీద ఆప్తులను పోగొట్టుకున్నవారు పేర్లు, మాటలు రాశారు. వాటిని క్యోటో మంటలో కాల్చాలనుకున్నారు. రేడియోధార్మికత ఉంటుందేమోనన్న భయంతో క్యోటోలో అభ్యంతరాలు లేచాయి. ఆ కట్టెల్లో అది కనబడకపోయినా నిర్వాహకులు వెనక్కి తగ్గారు. ఆ మాటలను వేరే కట్టెల మీదికి ఎక్కించి కాల్చాలని నిర్ణయించి, అసలు కట్టెలను వారి ఊళ్లోనే కాల్చేశారు. దేశమంతా విమర్శలు వచ్చాక మరికొన్ని కట్టెలు తెప్పించారు. ఈసారి బెరడులో సీజియం కనిపించి అదీ ఆగిపోయింది. మంట అందరిదీ అన్నంత మాత్రాన ప్రతి కట్టెకూ అందులో చోటుండదు. ఏ కట్టెను వద్దన్నారో చూస్తే ఆ సమాజం హద్దు ఎక్కడుందో తెలుస్తుంది.

ఉత్తర ఐర్లండ్‌లో ఆ హద్దు మరీ కరుకు. 1690 బాయిన్ యుద్ధ విజయానికి గుర్తుగా జూలై 11 రాత్రి ప్రొటెస్టెంట్ పేటల్లో సరుకు రవాణా చెక్క ప్యాలెట్లను గోపురాల్లా పేరుస్తారు. నెలల ముందే కుర్రాళ్లు గుడిసె వేసుకుని కాపలా కాస్తారు. పక్క పేట కంటే ఎత్తుగా పేర్చాలన్న పోటీ వల్ల ఇళ్ల కిటికీలు వేడికి పగిలే స్థితి వచ్చింది. ఎత్తును అదుపుచేయడానికి కోర్టుకు వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఒకనాడు చెట్టుకొమ్మలూ ఇంటి చెత్తా పడే చోట కర్మాగారపు ప్యాలెట్, టైరు పడ్డాయి. ఈ ఎత్తు, ఈ ప్రమాదం కొంతవరకు ఆ చవక చెక్కలోంచే పుట్టాయి.

మన భోగిమంటకూ ఇదే కొలత పట్టుకుంటే కొత్త సంగతులు కనిపిస్తాయి. కోస్తా పల్లెల్లో భోగి కట్టె మూడు చోట్ల నుంచి వస్తుంది. ధనుర్మాసమంతా ముగ్గుల్లో పెట్టిన గొబ్బెమ్మలను ఎండబెట్టడం, ఆవుపేడతో చిల్లులు పెట్టిన చిన్న పిడకలు చేసి దండ గుచ్చడం ఆడపిల్లల పని. తాటిమట్టలు, తాటిదుంగలు, పాత చీపుర్లు, విరిగిన చాటలు, పనికిరాని నాగళ్లు ఇంటివాళ్లు ఇచ్చేవి. మూడోది రాత్రిపూట కుర్రకారు పీక్కొచ్చేది: దడికంప, కొట్టం గుంజ, ఆరుబయట మరిచిపోయిన కుక్కిమంచం. పోగొట్టుకున్న ఇంటాయన వీధి వినేలా తిడతాడు, తెల్లారుజామున అదే మంట దగ్గర చలికాగుతాడు, తలంటుకు నీళ్లబిందె దాని సెగకే పెడతాడు. ఆ తిట్టు కూడా ఆచారంలో భాగమే. ఊరికి ఆ ఒక్క రాత్రి మీ దొడ్డి మీద హక్కుంది, ఆ హక్కు దాటితే పంచాయితీ ఉంది.

తెలంగాణలో ఇదే చనువు కాముని పున్నమికి కనిపిస్తుంది. పిల్లలు జాజిరి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగి గింజలో డబ్బులో అడుగుతారు, రాత్రికి కట్టెలు, పిడకలు ఎత్తుకొస్తారు. పగలు పాట పాడి అడిగి తీసుకోవడం, రాత్రి అడక్కుండా తీసుకోవడం రెండూ ఒకే పిల్లలు చేస్తారు. ఓపీ దంపతులు రాసిన ఆ బడిపిల్లలకూ తెలంగాణ పిల్లలకూ పరిచయం లేదు, ఆచారం ఒకరినుంచి ఒకరికి వచ్చిందనడానికి ఆధారమూ లేదు. ఊరందరి మంటకు ఊరందరి కట్టె కావాలి. అడిగితే అందరూ ఇవ్వరు. అందుకే రెండు చోట్లా ఆ పనిని, తప్పు చేసినా ఊరు క్షమించే వయసువాళ్ల చేతిలో పెట్టారని నేననుకుంటున్నాను.

ఇప్పుడు మన కట్టె మారుతోంది. పశువుల కొట్టాలు తగ్గాయి, దడుల స్థానంలో ప్రహరీ గోడలు లేచాయి. పీకడానికి కంప లేని ఊళ్లో దొంగతనమూ లేదు, తిట్టూ లేదు. పిడకల దండలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అమెరికాలో తెలుగు కుటుంబాలు వాటిని తెప్పించుకుని పెరటి ఇనుప కుంపట్లో వేస్తున్నాయి. నగరాల్లో పాతసామాను అంటే ప్లాస్టిక్, రబ్బరు. 2018 భోగినాడు చెన్నైలో ఆ పొగ మంచుతో కలిసి విమానాలు ఆలస్యమయ్యాయి. దీన్ని పర్యావరణం, సంప్రదాయం మధ్య పోరుగా చూసేవారు ఒక సంగతి మరిచిపోతున్నారు. టైరు వేయమని ఏ సంప్రదాయమూ చెప్పలేదు, ఇంట్లో పేరుకుపోయిన పాతసామాను స్వభావం మారిందంతే. లెర్విక్ తారు పీపా పోయి పడవ వచ్చినట్టు, ఇక్కడా కొత్త ఇంధనం చుట్టూ కొత్త పని పుట్టాలి. ఆ పనిని నిషేధపు నోటీసు పుట్టించలేదు, కుర్రకారు చేతులే పుట్టించాలి.

అందుకు ముందు చేయాల్సిన క్షేత్రపరిశోధన ఒకటుంది. భోగి పాటలూ, మంట చుట్టూ అల్లిన పురాణ కథలూ సేకరిస్తున్నవారు మరో నాలుగు ప్రశ్నలు కూడా అడగాలి. మీ వీధి మంటకు మొదటి దుంగ ఎవరు ఇచ్చేవారు? ఎవరింటి కట్టె తీసుకునేవారు కాదు, ఎందుకు? ఏ కులంవారి వాడలో వేరే మంట ఉండేది? మంట ఆరాక మిగిలిన బొగ్గు, బూడిద ఎవరికి దక్కేవి? డెబ్బై ఏళ్లు దాటినవారిలో చాలామందికి ఈ జవాబులు ఇంటిపేర్లతో సహా గుర్తున్నాయి.