మరతుపాకియు వెండితెరయు

బైలాడిలా కొండల ఇనుపరాతిని నింపుకొన్న గూడ్సుబండ్లు బస్తరు సీమలోని గీదము మీదుగా సాగి, తూర్పుకనుమలను దాటి, విశాఖపట్టణము చేరును. కొత్తవలస–కిరండూలు రైలుమార్గము 1960 దశకమున నిర్మింపబడుటకు ముఖ్యకారణము ఈ రాతిని జపానుదేశపు ఉక్కుకర్మాగారములకు పంపుటయే. అందులకు ఒడంబడిక 1960లో కుదిరినది. అంతకు పదునెనిమిది సంవత్సరములు ముందు, 1942 ఏప్రిలు 6వ తేదీన, ఆ జపాను విమానములే విశాఖపట్టణముపై బాంబులు వేసినవి. ఆనాడు మన తీరమును కాచిన వైమానికుల చేతిలోని ఆయుధమేది? ఆ ప్రశ్నకు సమాధానము వెదకినచో ఒక వింత కాననగును. ఆ ఆయుధమును యుద్ధమున చూచినవారికంటె సినిమా తెరపై చూచినవారే నేడు ఎన్నో రెట్లు ఎక్కువ.

అది లూయిస్ మరతుపాకి. దానికి రూపమిచ్చిన ఐజక్ న్యూటన్ లూయిస్ అమెరికా సైన్యమునందలి అధికారి. స్వదేశపు సైన్యము ఆదరింపకపోవుటచే అతడు దానిని ఐరోపాకు కొనిపోయెను. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము స్మాల్ ఆర్మ్స్ సంస్థ దానిని పెద్ద యెత్తున తయారుచేసెను. పుట్టుక అమెరికాదైనను అది బ్రిటిషు తుపాకిగానే ప్రసిద్ధి కెక్కినది. 1912లోనే అమెరికాలో ఒక విమానమునుండి దానిని పేల్చి చూచిరి. నేలమీది సైనికుడు వాడు లూయిస్ తుపాకి గొట్టమును చల్లబరచుటకు చుట్టును ఒక లావుపాటి తొడుగుండెడిది. ఆకాశమున వీచు గాలియే ఆ పని చేయును గనుక విమానపు తుపాకికి ఆ తొడుగును తీసివేసిరి. తుపాకి తేలికయైనది.

దాని మీద గుండ్రని పళ్లెమువంటి పెట్టె యొకటి అమరియుండును. విమానములలో వాడు పళ్లెములో 97 తూటాలు పట్టును. నిమిషమునకు 550 తూటాల చొప్పున పేలినచో ఆ పళ్లెము పదునొకండు సెకండ్లలోపలనే ఖాళీ యగును. అంతట తుపాకివాడు తెరచియున్న గూటిలో, ఎదురుగాలిలో, చేతి తొడుగులతోనే ఆ పళ్లెమును ఊడదీసి మరియొకటి బిగింపవలెను. ఆ కొద్ది క్షణములలో అతడు నిరాయుధుడే.

మొదటి ప్రపంచయుద్ధమున ఈ తుపాకి భారతీయుని చేతిలోను పేలినది. కలకత్తావాడైన ఇంద్రలాల్ రాయ్ 1918 జూలైలో రెండు వారములలోనే పది విజయములు సాధించెను. అతడు నడపిన ఎస్.ఇ.5ఎ విమానమున ముందుభాగమున ఒక వికర్సు తుపాకియు, పైరెక్కమీద ఒక లూయిస్ తుపాకియు ఉండెడివి. ఆ నెల 22వ తేదీననే అతడు యుద్ధమున కూలెను. అప్పటికి అతని వయస్సు పందొమ్మిది సంవత్సరములు.

భారత వైమానికదళము 1932 అక్టోబరు 8వ తేదీన ఏర్పడినది. 1933 ఏప్రిలు 1వ తేదీన కరాచీలోని డ్రిగ్ రోడ్డు స్థావరమున నాలుగు వాపిటి విమానములతో దాని మొదటి దళము ఆరంభమయ్యెను. వాపిటి రెండు రెక్కల వరుసల విమానము. చోదకునికి ముందువైపు పేలు వికర్సు తుపాకి, వెనుకగూటిలో నిలిచినవానికి లూయిస్ తుపాకి. ఆ దళమున సామాన్య సైనికులకు ‘హవాయి సిపాయి’ అని పేరు. చోదకుల పేర్లు కొన్ని చరిత్రకెక్కినవి. వెనుకగూటిలో నిలిచినవారి పేర్లు ఎక్కినవి అరుదు.

రెండవ ప్రపంచయుద్ధము రాగా సముద్రతీరమును గస్తీ తిరుగుటకు స్వచ్ఛంద వైమానికులతో తీరరక్షణ దళములను ఏర్పరచిరి. వానిలో ఆరవది విశాఖపట్టణమున నెలకొన్నది. ఈ దళములకు మొదట దక్కినవి వాపిటి మొదలగు పాత విమానములే. అప్పటికి ఇంగ్లండులో లూయిస్ తుపాకి వెనుకబడిపోయినది. దాని స్థానమున ‘వికర్సు కె’, ‘బ్రౌనింగు’ తుపాకులు వచ్చినవి. వికర్సు కె తుపాకికి మూలమైన వికర్సు–బెర్తియే తుపాకిని భారతసైన్యము స్వీకరింపగా కలకత్తా సమీపమున గల ఈశాపూరు కర్మాగారమున అది తయారైనది. బ్రౌనింగు నిమిషమునకు 1,150 తూటాలు పేల్చగలదు. హరికేను విమానమునకు ఇట్టివి ఎనిమిది. ఎనిమిదియు కలిసి సెకండునకు నూట యేబదికి పైగా తూటాలు కురిపించెడివి.

1942 ఏప్రిలు 5వ తేదీన కొలంబోపై జపాను విమానములు విరుచుకొని పడినపుడు హరికేనులు వానిని ఎదుర్కొన్నవి. మరునాడు రియూజో అను విమానవాహక నౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణము, కాకినాడలపైకి వచ్చినపుడు ఆ రేవులకు అట్టి అండ లేదు. 1933లో తెరచిన విశాఖ రేవు అప్పటికి కొత్తది. సింధియా నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసి ఏడాదియైనను నిండలేదు. ప్రజలు మూటాముల్లె సర్దుకొని పల్లెలకు తరలిపోయిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కొంతకాలము గుంటూరునకు మారవలసి వచ్చెను.

ఇక వెండితెర సంగతి. తుపాకికిని కెమెరాకును గల చుట్టరికము మొదటి యుద్ధమునాటిదే. ఇంగ్లండులో గురి నేర్చుకొను వైమానికులకై లూయిస్ తుపాకి ఆకారముననే ఒక కెమెరాను తయారుచేసిరి. దానికి ‘హైత్ కెమెరా’ అని పేరు. మీట నొక్కినచో తూటాకు బదులు ఫొటో వచ్చును. గురి తగిలినదో తప్పినదో ఆ ఫొటో చెప్పును. రెండవ యుద్ధమున తుపాకి పేలినంతసేపును తిరుగు చలనచిత్ర కెమెరాను విమానమునకు అమర్చిరి. వైమానికుని విజయమునకు సాక్ష్యముగా పుట్టిన ఆ బొమ్మలు వార్తాచిత్రములలో చేరి లోకమెల్ల తిరిగినవి.

భారతదేశమున 1943లో ‘ఇండియన్ న్యూస్ పెరేడ్’ అను వార్తాచిత్రము వెలువడసాగెను. ప్రభుత్వము ఆమోదించిన యుద్ధచిత్రములను ప్రదర్శించుట సినిమాశాలలకు విధి యయ్యెను. మరియొక వంక ముడిఫిలిము కరవై, కథాచిత్రము 11,000 అడుగులు మించరాదని 1942లో ఆంక్ష వచ్చెను. తెలుగు చిత్రములును ఆ కత్తెరకు లోబడినవే. ఈ విధముగా యుద్ధము ఒక చేత ఫిలిమును తగ్గించి, రెండవ చేత తన బొమ్మను చూపినది.

యుద్ధము ముగిసినను ఆ బొమ్మకు ఆదరణ తగ్గలేదు. స్పిట్‌ఫైరు విమానమును రూపొందించిన మిచెల్ జీవితమును 1942లోనే ‘ది ఫస్ట్ ఆఫ్ ది ఫ్యూ’ చిత్రముగా తీసియుండిరి. 1956లో ‘రీచ్ ఫర్ ది స్కై’, 1969లో ‘బాటిల్ ఆఫ్ బ్రిటన్’, 2017లో ‘డంకర్క్’ వచ్చినవి. 1969 నాటి చిత్రమున శత్రువులైన జర్మనుల విమానములుగా కనిపించినవి స్పెయినులో తయారైనవి. వానిలోని ఇంజనులు బ్రిటిషువే! 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ చిత్రమున అంతరిక్ష సైనికుల ఆయుధమొకటి పళ్లెము తీసివేసిన లూయిస్ తుపాకియే. దానిని చూచిన పిల్లలకు అది 1912 నాటి వస్తువని తోచుటకు వీలులేదు.

తెరమీది తుపాకికి తూటాలు తరుగవు. నిజమైన హరికేను మీట విడువక నొక్కినచో పదునైదు సెకండ్లు, అంతకు కొంచెము ఎక్కువ మాత్రమే పేలగలదు. ఇది చిన్న అబద్ధము. దీనికంటె పెద్దది మరియొకటి కలదు. విమానమునందలి కెమెరా తుపాకి చూచినవైపే చూచును. తుపాకి వెనుక చలికి వణకుచు పళ్లెము మార్చువానిని అది చూడదు. బాంబు పడిన ఊరిని విడిచి పసిబిడ్డతో నడచిపోవు తల్లిని చూడదు. తుపాకులు కొరతపడిన తీరమున ఆ కెమెరాయును ఉండదు. కొలంబో, లండనుల ఆకాశయుద్ధములవలె విశాఖ, కాకినాడల కథ తెరపై ప్రఖ్యాతి పొందకపోవుటకు ఇదియొక కారణము. 1971లో విశాఖ సముద్రమున జరిగిన సంఘటనపై 2017లో ‘ఘాజీ’ చిత్రము వచ్చి, తెలుగువారికి తమ తీరపు చరిత్రను జ్ఞప్తికి తెచ్చెను. 1942 నాటి కథకును అట్టి జ్ఞాపకము కావలెను.

లోహమునకు పగలేదు. తుపాకి గొట్టమును ఇనుమే, రైలుపట్టాయును ఇనుమే. జపాను విమానములకు భయపడి ఏ పట్టణమును జనులు విడిచిపోయిరో ఆ పట్టణపు రేవునుండియే గీదము దాటివచ్చిన ఖనిజము జపాను ఓడలకెక్కినది. ఒకనాటి శత్రుత్వము పాతికేండ్లలో వ్యాపారముగా మారుట సంతోషింపదగినదే. కాని మైత్రి కుదిరినదని జ్ఞాపకమును పోగొట్టుకొనరాదు. రెండు గుడ్డరెక్కల విమానమున, తొంబదియేడు తూటాల పళ్లెముతో, బంగాళాఖాతముపై గస్తీ తిరిగిన పేరెరుగని వైమానికుల ఋణము తెలుగుతీరముపై ఇంకను ఉన్నది.