తెర మీద ఒక్క గీత

హైదరాబాద్ ఐటీ చరిత్ర అనగానే అందరూ 1998 నాటి హైటెక్ సిటీ దగ్గర మొదలెడతారు. నా లెక్క వేరు. నేనైతే ఊరికి ఇంకో వైపు, ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్న ఈసీఐఎల్ దగ్గర మొదలెడతాను. 1967లో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో మొదలైన సంస్థ. 1969లో టీడీసీ-12 కంప్యూటర్ చేసిన సంగతి చాలామందికి తెలుసు. నాకు మాత్రం దాని టీవీల కథే గొప్పగా అనిపిస్తుంది.

1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా 'సైట్' ప్రయోగం జరిగింది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి నేరుగా ప్రసారాలు. అందులో మన పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. సెట్లు ఈసీఐఎల్‌వి, యాంటెన్నా ఏమో కోళ్ళ జాలీతో చేసిన పది అడుగుల గొడుగు. దుమ్ము, వోల్టేజి హెచ్చుతగ్గులు, మట్టిరోడ్లు... ఒక్క సెట్టు ఆగితే ఊరంతటికీ టీవీ లేనట్టే. కాబట్టి తయారీ సగం పనైతే, నడిపించడం మిగతా సగం.

ఆ కాలపు మెకానిక్కులు తెర చూసే జబ్బు చెప్పేవాళ్ళు. మధ్యలో అడ్డంగా ఒక్క తెల్ల గీతే ఉందా? వర్టికల్ డిఫ్లెక్షన్ పోయింది. ముందు బ్రైట్‌నెస్ తగ్గించాలి, లేకపోతే పిక్చర్ ట్యూబు మీద ఆ గీత మచ్చలా మిగిలిపోతుంది. మాట వినిపిస్తూ తెర నల్లగా ఉంటే, ట్యూబుకి వేల వోల్టులిచ్చే ఈహెచ్‌టీ మీద అనుమానం. బొమ్మ పైకీ కిందకీ దొర్లుతుంటే వర్టికల్ హోల్డ్, సింక్ చూడాలి. స్విచ్ ఆపినా ట్యూబులో చార్జి ఉంటుంది, అది ఎర్త్ చేశాకే చెయ్యి పెట్టాలి. 1970ల చివర్లో అమెరికాలో వచ్చిన పిన్‌బాల్ యంత్రాల అంకెల డిస్‌ప్లేలకీ ఇదే పద్ధతి: ముందు పవర్ సప్లై కొలవాలి, ఆ తర్వాతే డిస్‌ప్లే మార్చాలి.

మన భాషలో ఇది అచ్చంగా డీబగ్గింగే. లాగ్ ఫైలు లేదు, తెరే లాగ్. తేడా ఒక్కటే, వాళ్ళకి సర్క్యూట్ డయాగ్రాం దొరికేది. ఇప్పటి టీవీ చెడిపోతే బోర్డు మొత్తం మారుస్తారు, లేదా కొత్తది కొనుక్కోమంటారు. 2022లో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ పెట్టింది, మంచిదే. కానీ డయాగ్రాం ఇవ్వని వస్తువుని చదవగలిగే చేతులే లేకపోతే ఆ హక్కు ఏం చేసుకుంటాం?

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఔటర్ రింగ్ రోడ్డూ జీనోమ్ వ్యాలీ వచ్చాయి, సంతోషం. ఆ మెకానిక్కుల చదువు మాత్రం ఎక్కువగా నోటి మాటే. మీ వీధిలో ఎవరైనా ఉంటే అడిగి తెలుగులో రాసిపెట్టండి. ట్యూబులు పోతే పోనీ, పద్ధతి పోకూడదు. ఏమంటారు?