పద్దులో పేరు: వేదాద్రి సీమలో నమోదుల చరిత్ర

కృత్రిమ మేధ, అంటే పోగుపడిన పాత వివరాల్లో పోలికలు పట్టుకొని కొత్త మనిషి విషయంలో అంచనా వేసే కంప్యూటర్ పద్ధతి, ఎవరికి న్యాయం చేస్తున్నది, ఎవరిని గడప బయటే నిలబెడుతున్నది అన్న వాదం అమెరికాలో లాటినోల గురించి, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుటుంబాల గురించి, కొన్నేళ్లుగా గట్టిగా నడుస్తున్నది. ఆ దేశపు జనగణనలో హిస్పానిక్, అంటే స్పానిష్ భాషా దేశాల, మూలం గురించిన ప్రశ్నను ఇంటింటా అడగడం 1980లోనే మొదలైంది. 1970లో దానిని కొద్ది శాతం ఇళ్లకే పరిమితం చేశారు. లెక్కలోకి ఆలస్యంగా ఎక్కినవారి గురించి యంత్రానికి నేర్పే సమాచారం కూడా పలచగానే ఉంటుందన్నది అక్కడి వాదంలో ఒక మాట. కృష్ణా జిల్లా మెట్టలో, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాగా మారిన జగ్గయ్యపేట, నందిగామ, వేదాద్రి ప్రాంతంలో, ఇదే ప్రశ్నకు కంప్యూటర్ కంటే చాలా పాత చరిత్ర ఉన్నది. యంత్రం రాకముందు కూడా ఇక్కడ మనిషి అర్హతను పద్దులే తేల్చాయి. తన పద్దును తాను చూసి, తప్పైతే కాదనగల వీలు ఎవరికి ఉండేది, ఎవరికి లేదు అన్నదే ఆ చరిత్రలో ముఖ్యాంశం.

ఈ సీమలో సామాన్యుడి పేరు కనిపించే అతి పాత ఆధారాల్లో ఒకటి జగ్గయ్యపేట బౌద్ధస్తూపం దగ్గర, 1880ల తొలినాళ్లలో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ పరిశోధించిన స్థలంలో దొరికింది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే సామాన్య శకం మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పకారుడు అయిదు ఆయక స్తంభాలను, అంటే స్తూపపు వేదికలపై నిలిపే కంబాలను, దానమిచ్చి ప్రాకృతంలో శాసనం వేయించాడు. అందులో తన తండ్రి వృత్తిని, ఊరిని, కమ్మకరాష్ట్రమనే ప్రాంతాన్ని చెప్పుకొని, తల్లిని, భార్యను, సంతానాన్ని, తమ్ముడి కుటుంబాన్ని కూడా పేరుపేరునా చెక్కించాడు. ఆ కుటుంబ వివరం వారు తమంత తాము చెప్పుకున్నదే గాని ఎవరో వచ్చి రాసుకుపోయినది కాదు. ఇంత ఘనమైన నమోదు ఈ ప్రాంతపు సామాన్యులకు ఆ తరువాత ఎప్పుడూ దక్కలేదని చెప్పడంలో కొంత అతిశయోక్తి ఉన్నా, అబద్ధం లేదు.

తరువాతి కాలంలో పద్దు కరణం, అంటే వంశపారంపర్యంగా ఊరి లెక్కలు రాసే ఉద్యోగి, చేతికి వెళ్లింది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు బేతవోలు అనే ఊరిని తండ్రి పేరిట జగ్గయ్యపేటగా కట్టించిన తరానికి కాస్త అటూఇటూగా ఈస్టిండియా కుంఫిణీ ప్రభుత్వం 1802లో కరణాల విషయమై ప్రత్యేకంగా 29వ రెగ్యులేషన్ తెచ్చి, జమీందారీ గ్రామాల లెక్కలను కరణమే నిర్వహించాలని నిర్దేశించింది. ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పైరు వేశారో చెప్పే వార్షిక లెక్కకు రైత్వారీ ప్రాంతాల్లో, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే చోట్ల, అడంగల్ అన్న పేరు స్థిరపడి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జమీందారీ గ్రామాలకూ వచ్చింది. కరణం ఎవరి పేరు ఎక్కించాడో, ఎవరిని వదిలేశాడో ఊరందరికీ తెలుసు. అన్యాయం జరిగితే తిట్టుకోవడానికీ, బతిమాలుకోవడానికీ, జమాబందీకి, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి, వచ్చిన పై అధికారికి మొరపెట్టుకోవడానికీ ఒక ముఖం, ఒక అరుగు ఉండేవి. అందువల్ల అది న్యాయమైన వ్యవస్థ అయిపోదు: కౌలుకు సాగుచేసేవారి పేర్లు అడంగల్‌లో చోటు దక్కించుకోవడం ఎప్పుడూ కష్టమే, వెనుకబడిన కులాలవారు ఆ అరుగు ఎక్కడమే అరుదు. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దుచేసినప్పుడు వంశపారంపర్య అధికారం పోయింది గాని కౌలుదారు సమస్య పోలేదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందపత్రానికి భూ యజమాని సంతకం అడుగుతున్నది; పత్తి, మిరప పండించే ఈ మెట్ట గ్రామాల్లో ఆ సంతకం పెట్టడానికి వెనకాడే యజమానులు తక్కువేమీ కాదు. పంట నష్టాన్ని రేపు ఏ ఉపగ్రహ చిత్రం, ఏ కంప్యూటర్ నమూనా లెక్కగట్టినా, పరిహారం మాత్రం పద్దులో పేరున్నవాడికే చేరుతుంది.

పద్దు మనిషికి మేలు చేయడానికి బదులు అతడిపై నిఘాగా మారిన ఉదాహరణ కూడా ఈ తెలుగు నేలపైనే ఉన్నది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. ఒక జాతిని ‘నేరస్థ జాతి’గా ప్రకటిస్తే అందులో పుట్టినవారి పేర్లు రిజిస్టరుకు ఎక్కించి, వేలిముద్రలు తీసుకొని, వారు తమ రాకపోకలను పోలీసులకు తెలియజేయాలని ఆ చట్టం కింద విధించే వీలుండేది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణలో స్థిరపరచింది ఆ చట్టం నీడలోనే. చేసిన నేరాన్ని బట్టి గాక పుట్టిన గుంపును బట్టి మనిషిని అనుమానించే ఆ పద్ధతి, పాత కేసుల వివరాల నుంచి ‘ప్రమాదకర వ్యక్తి’ని ఊహించే నేటి పోలీసు సాఫ్ట్‌వేర్‌కు ముత్తాత వంటిది. మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో, కేంద్రం 1952లో రద్దుచేశాయి. పాత నేరచరిత్ర గలవారి కోసమంటూ అలవాటు నేరస్థుల చట్టాలు వెంటనే దాని స్థానంలోకి వచ్చాయి.

వర్గీకరణ ఎంత యాదృచ్ఛికంగా ఉండగలదో లంబాడీల చరిత్రలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జగ్గయ్యపేట దాటి గరికపాడు చెక్‌పోస్టు మీదుగా కోదాడ వైపు సాగితే ఒకప్పటి మద్రాసు సీమ ముగిసి నిజాం సీమ మొదలవుతుంది. ఎల్లకు రెండువైపులా తండాలున్నాయి, వాటిలో మాట్లాడేది ఒకే భాష, ఇచ్చిపుచ్చుకునే సంబంధాలూ ఒకటే. అయినా ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు, లంబాడీలు 1956 నాటికే షెడ్యూల్డు తెగల జాబితాలో ఉంటే, తెలంగాణ ప్రాంతపు లంబాడీలు 1976 నాటి సవరణ చట్టం 1977 జులైలో అమలైన తరువాతే ఆ జాబితాలో చేరారు. దాదాపు రెండు దశాబ్దాల పాటు ఒక అన్న గిరిజనుడు, గట్టు అవతల ఇల్లరికం వెళ్లిన తమ్ముడు కాదు. ఇలాంటి పద్దుల నుంచి పాఠం నేర్చుకున్న యంత్రానికి ఆ తేడా సరిహద్దు వల్ల వచ్చిందని తెలియదు. మనుషుల మధ్య నిజంగా ఉన్న తేడాగానే అది దానిని తీసుకుంటుంది.

కిలో రెండు రూపాయల బియ్యం పథకం 1983లో మొదలయ్యాక ప్రతి పేద ఇంటికీ అతి ముఖ్యమైన పద్దు తెల్ల రేషన్ కార్డే అయింది. 2005లో కనుపాప గుర్తింపుతో కార్డులిచ్చే ప్రయత్నం జరిగింది. 2015లో కృష్ణా జిల్లా చౌకదుకాణాలకు ఈ-పోస్ యంత్రాలు, అంటే ఆధార్‌తో వేలిముద్రను సరిచూసి సరుకు తూకానికి అనుమతిచ్చే పరికరాలు, వచ్చాయి. మిరపకాయలు కోసేవారి, సున్నపురాయి గనుల్లో రాళ్లు మోసేవారి, ముసలివారి వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. ఒక వేలు పెట్టి, తుడుచుకొని మరో వేలు పెట్టి, చివరకు ‘వేలిముద్ర పడటం లేదు’ అన్న మాట విని ఖాళీ సంచితో వెనుదిరగడం ఆ రోజుల్లో దుకాణాల ముందు తరచూ కనిపించేది. ఆంధ్రప్రదేశ్ దీనికి చేసిన సర్దుబాటు చిన్నదే గాని విలువైనది: ముద్ర పడనివారి బదులు గ్రామ రెవెన్యూ అధికారి తన వేలిముద్ర వేసి సరుకు ఇప్పించే వీలు కల్పించింది. యంత్రం కాదన్న చోట ఔననగల మనిషిని నియమం ప్రకారమే నిలబెట్టిన ఈ ఏర్పాటు, న్యాయమైన యంత్ర విధానం గురించి రాసిన అనేక పెద్ద పత్రాల కంటే ఆచరణకు దగ్గరగా ఉన్నది.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు ఏర్పడ్డాక పథకాల అర్హతకు ఆరంచెల పరిశీలన వచ్చింది. నెలసరి ఆదాయం గ్రామాల్లో 10 వేల రూపాయలు, పట్టణాల్లో 12 వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాల లోపు, మెట్ట పదెకరాల లోపు ఉండాలి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు మించకూడదు. ఇంట్లో సొంత కారు, ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండరాదు. ఇది కృత్రిమ మేధ కాదు, వేర్వేరు శాఖల పద్దులను ఆధార్ సంఖ్యతో జోడించి జల్లెడ పట్టడం మాత్రమే. కాని ఒకే మీటరు కింద మూడు కుటుంబాలు అద్దెకున్నప్పుడు, మీటరుకు ఇంకొకరి ఆధార్ జతపడినప్పుడు జల్లెడ తప్పుగా పట్టేది. టాక్సీలకు, ట్రాక్టర్లకు, ఆటోలకు, పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపులు ఇవ్వవలసి వచ్చింది. అనర్హుల జాబితాను కారణంతో సహా సచివాలయం గోడకు అంటించి అభ్యంతరాలు తీసుకోవాలన్న నియమం ఉండటం వల్ల కొందరైనా తమ పేరెందుకు పోయిందో చదువుకోగలిగారు.

ఎల్ల అవతల తెలంగాణలో సమగ్ర వేదిక అన్న సాఫ్ట్‌వేర్ నడిచిన తీరు దీనికి భిన్నం. వేర్వేరు శాఖల పద్దుల్లో పేరు, చిరునామా వంటి వివరాలు పోల్చి, ఫలానా కార్డుదారూ ఫలానా కారు యజమానీ ఒకరేనని తేల్చడం దాని పని. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు వీధికి నలుగురికి ఉండే సమాజంలో అది ఎంత ప్రమాదమో వివరించనక్కరలేదు. రాష్ట్రం ఏర్పడిన తరువాతి అయిదేళ్లలో అక్కడ 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి, చాలామందికి ముందస్తు నోటీసు కూడా అందలేదు. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో రద్దయిన కార్డులన్నిటినీ ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. పరిశీలన పూర్తయిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా కుటుంబాలు అర్హులేనని తేలింది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో విదేశీ మూలాలవారిపై ఇటువంటి అనుమానమే పడి, 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వం రాజీనామా చేసింది.

ఇప్పుడు సమస్య భాషకు మళ్లింది. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన మన మిత్ర సేవ ద్వారా వాట్సాప్‌లో 161 సేవలు అందుబాటులోకి వచ్చాయి, మాట విని జవాబిచ్చే యంత్రాలు కూడా వెంట వస్తున్నాయి. కేంద్రం 2022లో ఆరంభించిన భాషిణి ప్రధానంగా రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషలను ఆధారం చేసుకున్నది, లంబాడీ అందులో లేదు. 2025లో గిరిజన భాషల కోసం వచ్చిన ఆది వాణి సంతాలీ, భీలీ, ముండారీ, గోండీలతో మొదలైంది, అందులోనూ లేదు. జగ్గయ్యపేట చుట్టుపట్ల తండాల ముసలి అవ్వ ఫోనులో తన మాటలో అడిగితే యంత్రానికి అర్థం కావాలంటే ముందు ఆమె మాటను ఎవరో పోగుచేసి, రాసి, సరిచూడాలి. ఆ పని చేయదగినవారు తండాల్లోనే చదువుకున్న పిల్లలు. అందుకు వారికి కూలి కట్టే పద్దు కూడా ఉండాలి.