దూలం మీద సిరా

వాస్తుచరిత్ర పాఠంలో నేను మొదట ఎత్తుకునే పేరు చైనా వాస్తుచరిత్రకారుడు లియాంగ్ సిచెంగ్. పెన్సిల్వేనియాలో చదివొచ్చి 1928లో షెన్యాంగ్‌లో వాస్తుశిల్ప విభాగం పెట్టారు. తండ్రి పంపిన 1103 నాటి నిర్మాణ గ్రంథం 'యింగ్‌జావ్ ఫాషి' ఆయనకు కొరుకుడు పడలేదు. దాని అర్థాన్ని ముసలి వడ్రంగుల నోట, పాత గుళ్ల దూలాల్లో వెతికారు. ఆయనలో నాకు నచ్చేది ఇదే.

చైనా తాంగ్ రాజవంశ కాలపు కొయ్య కట్టడం చూడాలంటే జపాన్‌లోని నారాకే రావాలని అప్పట్లో జపాన్ పండితులు అనేవారు. 1937 జూన్‌లో సిచెంగ్, భార్య లిన్ హుయీయిన్, సహచరులు వూతాయ్ కొండల్లోని ఫోగ్వాంగ్ గుడి చేరారు. పైకప్పు కింద గబ్బిలాలు, నల్లులు, పేరుకుపోయిన దుమ్ము. అందులోనే పాకుతూ కొలతలు తీశారు. దూలం మీద వెలిసిన సిరా రాతను కనిపెట్టింది లిన్. అక్కడున్నది ఒక దాత పేరు, అదీ స్త్రీ పేరు! బయటి రాతిస్తంభం మీద అదే పేరు, పక్కన క్రీ.శ. 857కు సరిపోయే సంవత్సరం. అంటే గుడి తాంగ్ కాలానిదే. లిన్ పేరు చెప్పకుండా ఈ కథ చెప్పడం అన్యాయం.

జూలైలో జపాన్‌తో యుద్ధం వచ్చిపడింది. యుద్ధం ముగిశాక 1946లో సిచెంగ్ సింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో మరో వాస్తుశిల్ప విభాగం ప్రారంభించారు. బీజింగ్ కోటగోడలు కూల్చవద్దని, వాటిపై ప్రజలకు తోటలు వేయమని 1950లో వేడుకున్నారు. ప్రభుత్వం వినలేదు. సాంస్కృతిక విప్లవంలో వేధింపులు పడి 1972లో కన్నుమూశారు. ఇంగ్లీషులో ఆయన రాసిన చైనా వాస్తుచరిత్ర 1984లో అమెరికాలో అచ్చయింది.