తన్నేది ఒక కాలు, తిరగాల్సింది ఇంకో కాలు

పోయిన ఎపిసోడ్‌లో టర్నింగ్ కిక్ ముచ్చట చెప్పుకున్నాం. డ్యూటీలో ఉండి వినలేకపోయిన వాళ్ళ కోసం దాన్నే కొంచెం కుదురుగా ఇక్కడ రాస్తున్నా.

ముందు నా మోకాలు కథ. చిన్నప్పుడు మా ఊళ్ళో సుమన్, భానుచందర్ సినిమా ఆడిందంటే మరునాడు పోరగాళ్ళందరం కరాటే మాస్టర్లమే. 1999లో 'తమ్ముడు' వచ్చాక ఆ పిచ్చి కిక్ బాక్సింగ్ మీదికి మళ్ళింది. గోనె సంచిలో ఇసుక పోసి వేపచెట్టుకు కట్టి, పక్క నుంచి కాలు విసిరి తన్నేవాళ్ళం. నేర్పేటోడు లేడు. కాలు ఎంత జోరుగా విసిరితే అంత దెబ్బ అనుకునేవాళ్ళం. అదే నమ్మకంతో ఇక్కడ జుబైల్ క్యాంపులో ఒక శుక్రవారం కుర్రాళ్ళ ముందు సేఫ్టీ షూ కూడా విప్పకుండా తన్ని చూపించాను. పైన ఒళ్ళంతా తిరిగింది. కింద షూ మాత్రం కాంక్రీటును పట్టుకుని కదల్లేదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నది మోకాలు. మూడు వారాలు నిచ్చెన ఎక్కలేకపోయాను. సైట్‌లో నిచ్చెన ఎక్కలేని సూపర్‌వైజర్ ఎన్నాళ్ళు ఉంటాడో మీకు తెలుసు.

మా స్కాఫోల్డింగ్ గ్యాంగులో ఒక నేపాలీ తమ్ముడున్నాడు. ఊళ్ళో తైక్వాండో నేర్చుకున్నాడు. అతను చూసి ఒకటే మాటన్నాడు: "సార్, మీరు తన్నే కాలు బాగానే ఉంది, నిలబడ్డ కాలే తప్పు." ఆ మాట పట్టుకుని ఈ తన్ను ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను.

కరాటే పుట్టిల్లు ఒకినావా దీవి. అక్కడి పాత పద్ధతిలో తన్నులు ఎక్కువగా నేరుగా, నడుముకు దిగువనే ఉండేవి. 1922లో గిచిన్ ఫునాకోషి అనే బడిపంతులు ఆ విద్యను టోక్యోలో ప్రదర్శించి, అక్కడే ఉండి నేర్పించాడు. ఆయన కొడుకు గిగో 1930ల్లో తన్నులను ఇంకా పైకి, ఇంకా పొడుగ్గా సాగదీశాడు. పక్క నుంచి తిరిగొచ్చే 'మవాషి గెరి'ని ఇప్పుడున్న రూపానికి తెచ్చింది ఎక్కువగా అతనేనని చెబుతారు. 1945లో చిన్న వయసులోనే క్షయతో పోయాడు.

ఆ రోజుల్లో కొరియా జపాన్ చేతిలో ఉంది. 1910 నుంచి 1945 దాకా అదే పాలన. చదువుకోడానికి జపాన్ వెళ్ళిన కొరియా కుర్రాళ్ళు కొందరు అక్కడ కరాటే నేర్చుకున్నారు. వాళ్ళలో ఒకడైన లీ వోన్ కుక్ 1944లో సియోల్‌లో 'చుంగ్ డో క్వాన్' అనే శిక్షణ శాల తెరిచాడు. ఇంకొకడు చోయ్ హాంగ్ హి, తర్వాత సైన్యంలో జనరల్ అయ్యాడు. మరోపక్క కొరియాలో 'తెక్క్యోన్' అనే పాత జానపద ఆట ఉంది. దాంట్లో కాళ్ళదే పెత్తనం. స్వాతంత్ర్యం వచ్చాక కొరియా వాళ్ళు జపాన్ పేరును వదిలించుకుని, కాళ్ళకు పెద్దపీట వేస్తూ తమ పద్ధతి తయారుచేసుకున్నారు. 1955లో 'తైక్వాండో' అనే పేరు వచ్చింది. టర్నింగ్ కిక్‌ను వాళ్ళు 'డోల్యో చాగి' అంటారు. 'డోల్యో' అంటే తిప్పడం, 'చాగి' అంటే తన్నడం.

ఇక్కడే నేపాలీ తమ్ముడి మాట నాకు అర్థమైంది. నేను ఐటీఐ చదివినవాణ్ణి, అతుకులు, బందులు కనబడితే ఆగి చూస్తా. నిలబడ్డ పాదం వేళ్ళు ఎదుటివాడి వైపే ఉంటే తుంటి కీలు కొంతదూరం తిరిగి ఆగిపోతుంది, తలుపు గోడకు తగిలి ఆగినట్టు. అప్పుడు కాలు కడుపు దాకా పోతుంది, ఆపైకి పోదు. బలవంతం చేస్తే ఆ మెలి అంతా మోకాలు మీద పడుతుంది. మోకాలు మడవడానికి పుట్టింది, మెలితిప్పడానికి కాదు. మడమ ఎదుటివాడి వైపు వచ్చేదాకా పాదం తిరిగితే తుంటి తెరుచుకుంటుంది, కాలు తల దాకా లేస్తుంది. అంటే తన్ను ఎత్తు పెరిగే కొద్దీ కింద పాదం తిరగడమూ పెరగాలి.

థాయిలాండ్ ముయే థాయ్‌లో ఇదే తన్ను పాదంతో కాకుండా మోకాలి కిందున్న ముందరి ఎముకతో పడుతుంది, కర్రతో బాదినట్టు. 1960ల్లో జపాన్ వాళ్ళు దాన్నీ కరాటేనూ కలిపి కిక్ బాక్సింగ్ అన్నారు. మన సినిమాల దాకా వచ్చిన పేరు అదే. దెబ్బ తగిలే చోటు మారింది కానీ నిలబడ్డ పాదం తిరగడం అక్కడా తప్పదు.

1972లో సియోల్‌లో తైక్వాండోకు 'కుక్కివాన్' అనే పెద్ద భవనం కట్టారు. మరుసటి ఏడాది అక్కడే మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. అదే దశకంలో కొరియా కూలీలూ ఇంజనీర్లూ గల్ఫ్ బాట పట్టారు. 1976లో మా జుబైల్ ఓడరేవు కాంట్రాక్టు హ్యుందాయ్ కంపెనీకి దక్కింది. వాళ్ళూ మనలాగే ఇంటికి డబ్బు పంపి, ఉత్తరం కోసం ఎదురుచూసినవాళ్ళే. ఆ కాలంలోనే తైక్వాండో మాస్టర్లూ ఊరు వదిలి దేశదేశాలకు బతుకుతెరువుకు పోయారు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఈ ఆటను ప్రదర్శనగా పెట్టారు, 2000 సిడ్నీలో పతకాల ఆట అయింది. 2016 రియోలో జోర్డాన్‌కు చరిత్రలో తొలి ఒలింపిక్ పతకం, అదీ బంగారం, తెచ్చింది తైక్వాండో కుర్రాడు అహ్మద్ అబూఘౌష్. ఇప్పటి పోటీల్లో ఒంటికి తగిలిన మామూలు తన్నుకు 2 పాయింట్లు, తలకు తగిలితే 3.

ఇక నేర్చుకునే పద్ధతి. షూ విప్పండి, మ్యాట్ గానీ దుప్పటి గానీ జారకుండా పరుచుకోండి, గోడ పట్టుకోండి. మోకాలు మడిచి ముందుకు ఎత్తండి. నిలబడ్డ పాదం బరువును వేళ్ళ మొదళ్ళ మీదికి తెచ్చి, మడమ కొంచెం లేపి, గోడ గడియారంలో ముల్లులా తిప్పండి. పాదంతో పాటే తుంటి తిరగాలి. మడిచిన కాలును అప్పుడే విదిలించి, వచ్చిన దారినే వెనక్కి తెచ్చుకోండి. నేను మొదటి నెల ఎవరినీ, దేన్నీ తన్నలేదు. ఊరికే పాదం తిప్పడమే. మా రూమ్మేట్లు నవ్వారు. నవ్వనీ.

ఇప్పుడు ఫోన్‌లో రీల్ చూసి, డ్యూటీ దిగీ దిగగానే అదే షూతో గాల్లోకి కాళ్ళు విసిరే కుర్రాళ్ళు ప్రతి క్యాంపులో ఉన్నారు. వాళ్ళకు ఈ పోస్టు చూపించండి. వీసా మీద రాసి ఉండేది మన పేరే గానీ, మనల్ని ఇక్కడ నిలబెట్టేది మోకాళ్ళే. ఆదరాబాదరా ఏం లేదు, ఒకినావా నుంచి ఇక్కడికి రావడానికి ఆ తన్నుకే ఇన్నేళ్ళు పట్టింది.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.