గుండ్లకమ్మ నీళ్లు, ప్రభువు బల్ల

2028 జూలై 3కి గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొంది 150 ఏళ్లు నిండుతాయి. తెలుగు క్రైస్తవుల చరిత్ర అనగానే అందరూ చెప్పేది ఆ అంకెనే. నీళ్లలో దిగినవాళ్ల లెక్క సరే, ఆ తర్వాత వాళ్లు ఎవరి పక్కన కూర్చుని రొట్టె విరిచారు, ఎవరు తాగిన గిన్నెలో తాగారు అన్నది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బాప్తిస్మం తలపెట్టిన మార్పు ఎంతవరకు జరిగిందో, రొట్టె, గిన్నె పంచుకునే ప్రభువు బల్ల దగ్గరే తేలుతుందని నా వాదన. ఇది మన తిరువూరు లాంటి ఊళ్లకు బాగా తగిలే మాట. సీఎస్ఐ, కథోలిక, బాప్టిస్టు, పెంతెకొస్తు అంటూ మన ప్రాంతంలో సంఘాలు ఎన్నో ఉన్నాయి. వాటి మధ్య వాదులాటంతా నీళ్లు చిలకరించాలా, మనిషిని ముంచాలా అన్నదాని మీదే సాగుతుంది.

తొలి శతాబ్దాల గురించి మనకు దొరికేది తక్కువ. 18వ శతాబ్దం మొదట్లో జెస్యూట్ పాదిరీలు రాయలసీమ వైపు వచ్చారు. 1841లో ఆంగ్లికన్ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. మరుసటి ఏడు లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. మన పాత కృష్ణా జిల్లాకు వస్తే, 1859లో రాఘవాపురం మాలపల్లెకు చెందిన పగోలు వెంకయ్యకు బెజవాడ మిషనరీ డార్లింగ్ బాప్తిస్మమిచ్చాడు. అక్కడినుంచి ఈ ప్రాంతంలో బాప్తిస్మం ఒంటరి మనిషి సంగతిగా కాక, కుటుంబాలకు, పల్లెలకు సంబంధించిన సంగతిగా నడిచింది.

గుండ్లకమ్మ కథ దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ధాత కరువులో జనం తిండిలేక రాలిపోతుంటే, ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కంట్రాక్టుకు తీసుకున్నాడు. కూలీలకు పనిచ్చాడు, తన బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. అయితే కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక జనం మళ్లీ వచ్చారు. చేతులకు లేచిన బొబ్బలు చూపించి, డబ్బు అడగబోమని, ఈసారి పంట పోయి చచ్చిపోయినా క్రైస్తవులుగానే చస్తామని పట్టుబట్టారు. చివరికి వెల్లంపల్లి దగ్గర ఏటి ఒడ్డున జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది మునిగి లేచారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మమిచ్చినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు దిగేవారు. పేరు మోసిన క్లౌ దొర ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. నాకు ఈ ఘట్టంలో అన్నిటికన్నా విలువైనది అదే. ఆ జనంలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లను దేవుని పేర ముంచి లేపింది కూడా తమ భాషవాళ్లే, తమ నేలవాళ్లే.

వేలమంది ఒక్కసారి మారితే అది విశ్వాసం ఎలా అవుతుందన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. 1930లలో గాంధీజీ కూడా సామూహిక మతమార్పిడిని గట్టిగా ప్రశ్నించారు. దీన్ని తేలిగ్గా తోసేయలేం. కానీ ఆ పల్లెలు చెల్లించిన వెల కూడా చూడాలి. ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అన్నవి ఒంగోలు సంఘం నియమాలు. ఆదివారం పని మానితే ఆసామి ఊరుకోడు. జాతరకు డప్పు కొట్టకపోతే ఊరు ఊరుకోదు. ఒంటరిగా ఆ ఒత్తిడికి ఎదురు నిలవడం వెట్టి బతుకు బతికేవాడికి సాధ్యం కాదు. పల్లె మొత్తం కలిసి దిగింది అందుకే. గుంపుగా తీసుకున్న నిర్ణయాన్ని ఆలోచన లేని నిర్ణయమనడం, పేదవాడికి అందుబాటులో ఉన్న ఒకే ఒక్క ధైర్యాన్ని తప్పుపట్టడమే.

బల్ల సంగతి ఇంతకన్నా కష్టం. మాల, మాదిగల మధ్య కంచం పొత్తూ లేదు, మంచం పొత్తూ లేదు. మిషన్లు కూడా తెలిసో తెలియకో ఆ గీతను నిలబెట్టాయి. ఒంగోలు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువైతే, గుంటూరు లూథరన్లలో మాలలు ఎక్కువయ్యారు. తమిళనాట పాత సంఘాల్లో పై కులాలవారే ముందు గిన్నె అందుకునేవారు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ దాన్ని మానాలని ఆజ్ఞాపిస్తే పెద్ద గొడవే రేగింది. ఒకే గిన్నె నుంచి తాగడం ఆరాధనలో చిన్న అంశమైతే అంత గొడవ ఎందుకు జరుగుతుంది? 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య, నీళ్లతోనే పని అయిపోదని దోర్నకల్‌లో బాగా గ్రహించారు. బాప్తిస్మం పొందేవాళ్లు తమ తల మీద తామే చేయి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలికేలా చేశారు. అంటే ఎవరి బాధ్యత వారిదే. ఆంగ్లికన్ పద్ధతిలో పసిబిడ్డకు కూడా బాప్తిస్మం ఉంటుంది. బల్లలో పాలు పొందడానికి మాత్రం అప్పట్లో పెద్దయ్యాక నిర్ధారణ (కన్ఫర్మేషన్) కావాల్సి ఉండేది. పల్లెతో కలిసి నీళ్ల దగ్గరికి వచ్చినవాడు బల్ల దగ్గరికి తన నోటితో ఒప్పుకునే రావాలన్నమాట.

ఆ తర్వాత కథ ఒక దారిన సాగదు. 1947 సెప్టెంబరు 27న కొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)గా ఏర్పడితే బాప్టిస్టులు, లూథరన్లు బయటే ఉండిపోయారు. దేవదాసు అయ్యగారి బైబిల్ మిషన్ అప్పటికే వచ్చేసింది. భక్తసింగ్ సహవాసాలు రొట్టె విరవడాన్నీ, అందరూ కూర్చుని తినే ప్రేమ విందునూ ఆరాధనకు నడుమ నిలిపాయి. ఇప్పుడు చిన్నప్పుడు చిలకరింపు పొందినవారు ఇంకో సంఘానికి వెళ్లి తొట్టిలో మళ్లీ మునుగుతున్నారు. చాలాచోట్ల ఒకే గిన్నె పోయి చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. శుభ్రత మాట నిజమే, కోవిడ్ తర్వాత ఆ మాటకు ఇంకా బలం వచ్చింది. కానీ ఒక పాత పరీక్ష మాయమైందన్నదీ నిజమే.

ఇక చట్టం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం బాప్తిస్మం పొందిన దళితుడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సి అవుతాడు. తిరువూరు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ బాప్తిస్మం అంటే దేవుని ఎదుట చేసిన నిర్ణయం మాత్రమే కాదు, పోటీ చేసే హక్కునూ తాకుతుంది. కులం లేదని బాప్తిస్మం పొందినవారికి కులం పేర రాయితీ ఎందుకన్నది బలమైన ప్రశ్నే. అయితే ఆ ప్రశ్న బాప్తిస్మం ఏం బోధిస్తుందో చూస్తుంది గానీ, ఊళ్లో ఏం మిగిలిందో చూడదు. ఏట్లో మునిగి లేచినవాణ్ని ఆసామి పాత పేరుతోనే పిలిచాడు. అతని పెళ్లిసంబంధాలూ, సమాధుల స్థలాలూ సంఘం లోపల కూడా చాలాచోట్ల పాత గీతల మీదే నడిచాయి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ఉన్న ముడి తెంచమని సిఫార్సు చేసింది. 2022లో ఇదే విషయం పరిశీలించమని కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఈ తగవులో సంఘాలు న్యాయం అడగడం సబబే. అడుగుతూనే తమ బల్ల దగ్గర ఎవరి పక్కన ఎవరు మోకరిస్తున్నారో, ఎవరి ఇంటికి ఎవరు భోజనానికి వెళ్తున్నారో కూడా అవే చూసుకోవాలి. ఆ పని చేయమని చెప్పే అధికారం ఏ కమిషన్‌కూ లేదు.