జిల్లేడు మిడత: గుర్తింపు లక్షణాలు

జిల్లేడు మిడత శాస్త్రీయ నామం పోయెకిలోసెరస్ పిక్టస్. 1775లో ఫాబ్రిషియస్ దీన్ని వర్ణించాడు. భారతదేశంలోనూ పాకిస్తాన్‌లోనూ జిల్లేడు పొదల మీద గుంపులుగా కనిపిస్తుంది. ఎదిగిన మిడత ఒంటి మీద పసుపు, నీలి చారలుంటాయి. ముందు రెక్కలు పసుపు మచ్చలున్న ఆకుపచ్చ, వెనక రెక్కలు లేత ఎరుపు. ఇంత కొట్టొచ్చినట్టున్న రంగులుండగా వేరే ఆనవాళ్లెందుకని అడగవచ్చు. కానీ ఒక్క రంగునే నమ్ముకుంటే దారి తప్పుతాం. ఈ జాతి పిల్ల మిడతలు పెద్దవాటిలా ఉండవు. పచ్చ కలిసిన పసుపు ఒంటిపై నల్లని, ఎర్రని చుక్కలతో ఉంటాయి. ఎడారి మిడత కూడా దండుగా తిరిగే దశలో మొదట గులాబీ రంగులో ఉండి, ముదిరాక పసుపుకు తిరుగుతుంది. 2020 మే నెలలో అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు మొక్కలకు పట్టిన మిడతలను చూసి ఎడారి దండు వచ్చిపడిందని జనం హడలిపోయారు. అవి స్థానిక మిడతలేనని అధికారులు చెప్పాల్సివచ్చింది.

అందుకే ముందు ఒంటి నిర్మాణం చూడాలి. మీసాలు ఒంటికన్నా పొట్టిగా ఉంటే అది పొట్టి మీసాల మిడతల వర్గం. తర్వాత తల. జిల్లేడు మిడత తల ముందుకు మొనదేలి, ముఖం వెనక్కి ఏటవాలుగా ఉంటుంది. పైనుంచి చూస్తే కళ్ల ముందు తల కొసను రెండుగా చీలుస్తూ సన్నని గాడి కనిపిస్తుంది. ఇది పిర్గోమార్ఫిడే కుటుంబపు ముద్ర. ఎక్రిడిడే కుటుంబానికి చెందిన ఎడారి మిడతకు ఆ గాడి ఉండదు, ముఖం దాదాపు నిటారుగా దిగుతుంది. ముందు కాళ్ల నడుమ, రొమ్ము కింద ఉన్న మేకును చూసి ఎడారి మిడతేనని తేల్చేయకూడదు. ఇంకా చాలా మిడతలకు అది ఉంటుంది. గాడి కుటుంబం వరకే చేరుస్తుంది, నిజమే. చేల్లో తిరిగే మట్టిరంగు క్రోటోగోనస్, పచ్చని అట్రాక్టోమోర్ఫా కూడా ఆ కుటుంబానివే. రంగు సాక్ష్యం పనికొచ్చేది ఇక్కడే: పసుపు, నీలం చారలు వాటికి లేవు.

జిల్లేడు మీద ఉండటమే చాలదా అంటే, అది బలమైన సూచనే. జిల్లేడు పాలలోని విషాలను ఈ మిడత ఒంట్లో దాచుకుంటుంది. పిల్ల మిడతను నొక్కితే వీపు మీదుగా ద్రవం చిమ్ముతుంది. అయితే ఆకు దొరకనప్పుడు వేరే మొక్కలనూ తింటుంది కాబట్టి మొక్క ఒక్కటే రుజువు కాదు. పొద మీద గుంపు కనబడగానే మందు కొట్టకండి. తలను పైనుంచీ పక్కనుంచీ దగ్గరగా ఫొటో తీసి వ్యవసాయాధికారికి చూపించండి.